అప్‌డేట్: అడవి బాటలో ఊదా పూల పొద సంగతి

పోయిన వారం అడిగాను కదా, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మా ఇంటి దగ్గరి అడవిలో, ఇల్లూ వాకిలీ లేని చోట ఘుమఘుమలాడుతున్న ఊదా పూల పొద ఏమిటని. లైలాకే! మీలో ఒకరు చెప్పినట్టు మళ్లీ వెళ్లి చుట్టూ వెతికాను. పది అడుగుల దూరంలో నాచు పట్టిన రాళ్ల గోడ, ఎండుటాకులతో సగం పూడిన నేలమాళిగ గుంట. ఒకప్పుడు అక్కడ ఇల్లుండేదన్నమాట. లైలాక్ సొంతూరు ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ కొండలు కాబట్టి ఎవరో గుమ్మం పక్కన నాటే ఉంటారు. ఇల్లు పోయినా వేరు పిలకలతో పొద పాకుతూనే ఉంది. 1919 నుంచి ఇక్కడి రాష్ట్ర పుష్పం కూడా ఇదే. మన మల్లెకి చుట్టం, రెండూ ఆలివ్ కుటుంబమే. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ "కోసి మాల కట్టరాదూ" అంది. పిలక తవ్వుకుందామనిపించింది కానీ మన స్థలం కాదుగా, నర్సరీలో కొంటాను.