కార్డు అంచుకు రంగు అద్దితే అది మరమ్మతా, మోసమా?

దేవరకొండ_రేకుడబ్బా:
అటక సర్దుతుంటే చిన్నప్పటి బిస్కెట్ డబ్బా దొరికింది. నిండా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు. వాటి మధ్యలో మా బావ అమెరికా నుంచి తెచ్చిన 1999 నాటి పోకెమాన్ కార్డు ఒకటి. మెరిసే రకం. వెనక నీలం అంచులు అరిగి తెల్లబడ్డాయి. నీలం మార్కర్‌తో అద్దేసి ఆన్‌లైన్‌లో అమ్మెయ్ అంటాడు తమ్ముడు. చేయొచ్చా?

మిర్యాలగూడ_బుల్లెట్:
ఎందుకు చేయొద్దన్నా? కార్డు నీది. మా నాన్న పాత బండికి నేను రంగేయించాను, ఎవరైనా మోసం అన్నారా?

గడియారం_సెంటర్:
బండికి రంగేసినా ఆర్సీలో దాని వయసు ఉంటుంది తమ్మీ. కార్డు ధరంతా ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్న నమ్మకం మీదే ఉంది. పీఎస్ఏ లాంటి గ్రేడింగ్ కంపెనీ కార్డు ఎంత బాగుందో చూసి 1 నుంచి 10 దాకా నంబరు వేస్తుంది, 10 అన్నిటికంటే మేలు. అరిగిన కార్డుకు తక్కువదైనా ఒక నంబరు వస్తుంది. రంగు అద్దారనో అంచు కోశారనో తేలితే అదీ రాదు. మార్కర్ సిరా కాగితం పీచులోకి ఇంకుతుంది, భూతద్దం పెడితే దొరికిపోతుంది.

మిర్యాలగూడ_బుల్లెట్:
మరి పాతకాలం అమెరికా ఆటగాడు హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు? 1991లో పీఎస్ఏనే దానికి 8 ఇచ్చింది. 2007లో 28 లక్షల డాలర్లకు పోయింది. దాని అంచులు కోసింది తానేనని వేలంపాటలు నడిపిన బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు.

గడియారం_సెంటర్:
ఆ మోసం కేసులోనే 2015లో ఆయనకు 20 నెలల జైలు పడింది. ఆ కేసులో వేలం ధర పెంచడానికి పాడించిన దొంగ పాటలు కూడా ఉన్నాయనుకో. సగం కథ చెప్పి ఆపకు.

పాలమూరు_అక్క:
మీరిద్దరూ అమ్మకం దగ్గరే ఆగిపోయారు. మా పాలమూరు పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలతో పురుగుమందు ఎక్కించారు. చెదను ఆపే పని చేశారు గానీ ఎండిన కొమ్మలకు పచ్చరంగు పూయలేదు. కార్డుకైనా అంతే. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో దులపండి. సెల్లోటేప్ అంటుకుని ఉంటే పీకొద్దు, బొమ్మ పొరంతా లేచి వస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు ఏళ్లు గడిస్తే జిగటపడతాయి. పాలీప్రొపిలీన్ స్లీవ్ (పల్చటి కవరు) వేసి, పైన టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు తొడగండి. ఎండాకాలం 44 డిగ్రీల్లో మన అటక అంటే పొయ్యే. అలాగని కూలర్ గదిలోనూ పెట్టొద్దు. మెరిసే కార్డులో కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, దాని మీది మెరిసే రేకు పొర ఉబ్బదు, దాంతో కార్డు విల్లులా వంగుతుంది. ఇక లామినేషన్ మాటే ఎత్తొద్దు. చిన్నప్పుడు నా అజారుద్దీన్ కార్డును జిరాక్స్ షాపులో చేయించాను. ఆ గాలిబుడగ ఇప్పటికీ ఆయన భుజం మీదే ఉంది.

మిర్యాలగూడ_బుల్లెట్:
అమ్మకుండా నా దగ్గరే పెట్టుకుంటే అద్దొచ్చా అక్కా?

పాలమూరు_అక్క:
అద్దుకో. కానీ రేపు దాన్ని అమ్మేది నీ కొడుకు. ఏం చేశావో చీటీ రాసి స్లీవ్ వెనక పెట్టు.

దేవరకొండ_రేకుడబ్బా:
ఇది చదివేలోపే తమ్ముడు ఒక మూల అద్దేశాడు. అది మా ఇంట్లో ఉన్న మార్కర్ నీలం, కార్డు నీలం కాదు. ఆ మూలను దగ్గరగా ఫొటో తీసి, ఉన్నదున్నట్టు రాసి పెడతాను, ఎంతొస్తే అంత. ట్రంప్ కార్డులు అమ్మను. అందులో అండర్‌టేకర్ అయితే అసలు నాది కాదు, ఏడో తరగతిలో పక్క బెంచీవాడు పెన్సిల్ డబ్బా కోసం తాకట్టు పెట్టింది.