నారాయణ పక్షి, గ్జాంథోరియా లైకెన్: కాలుష్యం తేల్చడానికి ఏది పనికొస్తుంది?

ప్రశ్న:
చెరువు గట్టు చెట్ల మీద నారాయణ పక్షులు (ఆర్డియా సినీరియా) గూళ్లు కడతాయి. అవే చెట్ల బెరడు మీద పసుపు-నారింజ రంగు లైకెన్ (బూజు జాతి శిలీంధ్రం, నాచు కలిసి ఒకే ఒంటిగా బతికేది), గ్జాంథోరియా పారిటినా కూడా ఉంది. రెండూ కాలుష్య సూచికలే అంటారు కదా, ఒకదాన్ని గమనిస్తే చాలదా?

జవాబు 1:
చాలదండీ. పక్షి నీటి సంగతి చెబుతుంది, లైకెన్ గాలి సంగతి. నారాయణ పక్షి ముఖ్యంగా చేపలు తింటుంది కాబట్టి నీటిలోని పాదరసం ఆహార గొలుసులో మెట్టు మెట్టుకీ చిక్కబడుతూ దాని ఒంట్లోకి చేరుతుంది. లైకెన్‌కి వేళ్లు లేవు, ఆకుల మీదుండే మైనపు పొరా లేదు. గాలి, వాన ఏది తెస్తే అదే పీల్చుకుంటుంది.

పాదరసం చూడాలంటే పిల్లల ఈకలే కావాలి. ఈక పెరుగుతున్నంత కాలమే దానికి రక్తం అందుతుంది, పాదరసం చేరేదీ అప్పుడే. పెద్ద పక్షి ఆ ఈకను ఏ ఊరి నీళ్ల దగ్గర పెంచుకుందో చెప్పలేం. పిల్ల ఈక మాత్రం ఆ చుట్టుపక్కల చేపలతోనే పెరిగింది. బతికున్న పిల్లల్ని పట్టుకోవాలంటే ముందు అనుమతి తీసుకోండి.

జవాబు 2:
లైకెన్ విషయంలో ఒక జాగ్రత్త. గ్జాంథోరియా దట్టంగా ఉంటే గాలి బాగున్నట్టు కాదు. అది నత్రజనికి ఎగబడే రకం, అమ్మోనియా ఉన్నచోట ఇంకా విజృంభిస్తుంది. రెట్ట కారిన బెరడు మీద పెరిగితే అది గాలి చలవ కాదు, మీ పక్షుల చలవే! అందుకని గూళ్లున్న చెట్లను లెక్కలోంచి తీసేయండి.

మిగతావాటిలో ఒకే జాతి చెట్లు, నిటారుగా ఉన్నవి ఎంచుకోండి. నేలకు మీటరు ఎత్తు నుంచి పైకి 10 సెం.మీ. గళ్లు ఐదు, అలా నాలుగు దిక్కులా పెట్టి, ఏ గడిలో ఏయే లైకెన్లున్నాయో అన్నీ రాయండి. గడ్డంలా వేలాడే అస్నియా రకాలు మాయమై గ్జాంథోరియా పెరుగుతుంటే నత్రజనిని అనుమానించాలి.

గ్జాంథోరియా గుర్తింపులో సందేహముంటే దాని మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయండి. పారిటిన్ అనే రంగుపదార్థం వల్ల వెంటనే ఊదా-ఎరుపుకు తిరుగుతుంది. నీడలో పెరిగినది బూడిద-ఆకుపచ్చగా ఉండి సరిగా రంగు తిరగదు. అప్పుడు లైకెన్ మీదుండే చిన్న నారింజ బిళ్లల మీద వేసి చూడండి. సీసా మూత సరిగా పెట్టకపోతే ద్రావణం కార్బన్ డయాక్సైడ్ పీల్చి నీరసపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఈకల జోలికి పోకుండా గూళ్లు లెక్కపెడితే?

జవాబు 1:
లెక్కపెట్టండి, కానీ తగ్గితే కాలుష్యమే అనేయకండి. బ్రిటన్‌లో 1928 నుంచి ఈ గూళ్లు లెక్కిస్తున్నారు. 1962–63 గడ్డు చలికాలం తర్వాత సంఖ్య బాగా పడిపోయింది. నీళ్లు గడ్డకడితే చేప అందదు మరి. గూళ్ల లెక్క పక్కన ఆ ఏటి చలి వివరం కూడా రాసిపెట్టుకోండి.