ఆరా ఎఫెక్ట్ మనిషిని వదిలేసి జారిపోతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

సాలిగ్రామం ఎడిటర్:
మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నాను, బుర్ర పనిచేయడం లేదు. మా షార్ట్ ఫిల్మ్‌లో హీరోయిన్‌కి మూడో కన్ను తెరుచుకున్నాక ఎదుటివాళ్ల చుట్టూ ఆరా, అంటే ఒక రంగు వెలుగు, కనిపించాలి. తల్లికి నీలం, మేనమామకి మురికి ఎరుపు. మేనమామ వరండాలోంచి లోపలికి నడిచొస్తాడు. మొదట్లో వెలుగు ఒంటిని అంటుకునే ఉంటుంది. గుమ్మం దాటేసరికి భుజం ముందు, వెలుగు వెనక. షాట్ చివరికి మనిషి ఒకచోట, ఆరా ఒకచోట! మాస్క్, అంటే మనిషి ఆకారాన్ని కత్తిరించి వేరుచేసేది, మళ్లీ మళ్లీ చేశాను. రేపు డైరెక్టర్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్. ఫెదర్ (మాస్క్ అంచుని మెత్తబరచడం) పెంచితే సరిపోతుందా?

వడపళని రమణ:
ఏ కెమెరా? మాస్క్ ఎందులో, గ్లో ఎందులో?

శాస్త్రిగారి మనవడు:
ముందు మూడో కన్ను అంటే ఏమిటో తేల్చుకో బాబూ. శివుడిది మన్మథుణ్ణి భస్మం చేసిన అగ్నినేత్రం, ఎదుటివాడి రంగులు చూసే కన్ను కాదు. యోగంలో చెప్పే ఆజ్ఞాచక్రం కనుబొమల మధ్య రెండు దళాల పద్మం. కోపానికి ఎరుపు, భక్తికి నీలం అంటూ మనిషి చుట్టూ రంగులు చెప్పే పద్ధతి బాగా ప్రచారమైంది దివ్యజ్ఞాన సమాజం వాళ్ల వల్ల. మన అడయార్‌లోనే ఉంది వాళ్ల కేంద్రం. ఆ సమాజానికి చెందిన లెడ్‌బీటర్ 1902లోనే రంగుల పటాలతో పుస్తకం వేశాడు. సినిమావాళ్లు ఈ మూడూ కలిపి ఒకే కుండలో వండేస్తారు, చూసేవాళ్లు అదే శాస్త్రమనుకుంటారు. అదే నా బాధ.

పెరంబూర్ పద్మ:
ఆరాని ఫోటో కూడా తీశారు కదండీ, 1939లో రష్యాలో కిర్లియన్ అని.

వడపళని రమణ:
అది ఆరా కాదు, హై ఓల్టేజీ కరెంటుకి పుట్టే వెలుగు, డిశ్చార్జి. వేలి మీద చెమట మారితే బొమ్మ మారుతుంది. నాణెం పెట్టినా వెలుగొస్తుంది. తమ్ముడూ, కెమెరా ఏదో చెప్పలేదు.

సాలిగ్రామం ఎడిటర్:
ఫోనే అన్నా. మాస్క్ ఫ్రెండ్ సిస్టమ్‌లో రిజాల్వ్‌లో చేసి తెచ్చాను. గ్లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో.

వడపళని రమణ:
ఇది కదా ముందు చెప్పాల్సింది. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది, నిలకడగా ఉండదు. ఒకే క్లిప్‌ని రెండు సాఫ్ట్‌వేర్లు రెండు రకాలుగా లెక్కపెడుతున్నాయి. ఒరిజినల్‌ని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్‌కి మార్చు, క్వాలిటీ తగ్గించకు. ఆ ఫైల్ మీదే మాస్క్ మళ్లీ చెయ్యి. రెండుచోట్లా అదే ఫైల్, అదే ఫ్రేమ్ రేట్. ఫెదర్ జోలికి పోకు.

బొమ్మల సుబ్బు:
గ్లో వేశాక గోడ మీద మెట్లుమెట్లుగా చారలొస్తాయి, చూసుకోండి. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకి 256 స్థాయిలే. ప్రాజెక్ట్‌ని 16 బిట్‌లో పెట్టి పైన కాస్త గ్రెయిన్ (సన్నటి నలుసులు) వేయండి. ఇంకో మాట. ఎగ్మోర్ మ్యూజియంలో కంచు విగ్రహాల గ్యాలరీకి ఒకసారి వెళ్లి నటరాజు చుట్టూ ఉండే జ్వాలల వలయం, తిరువాసి, చూడండి. వలయం అంచున ఒక్కో జ్వాల విడివిడిగా పైకి లేస్తుంది, ఒంటికీ వలయానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్లే చేతుల కదలిక అంత స్పష్టంగా తెలుస్తుంది. మనవాళ్లు ఒంటి అంచుకి ట్యూబ్‌లైట్ అతికించినట్టు గ్లో పెట్టేస్తారు, నటుడి ముఖం అందులో కొట్టుకుపోతుంది.

శాస్త్రిగారి మనవడు:
తిరువాసి ఆరా కాదండీ. అది విశ్వానికి గుర్తు. ఒక మేనమామ దుర్బుద్ధికి దాన్ని తగిలిస్తారా?

బొమ్మల సుబ్బు:
ఆకారం చూసి నేర్చుకోమన్నాను, తగిలించమనలేదు.

శాస్త్రిగారి మనవడు:
ఆకారం తీసుకుంటే అర్థం వెంటే వస్తుంది. జనం దేవుడనుకుంటారు.

పెరంబూర్ పద్మ:
మేనమామకే ఎందుకు ఎరుపు? తల్లికి కోపం రాదా?

సాలిగ్రామం ఎడిటర్:
జారడం ఆగింది రమణన్నా, థాంక్స్. చారలు నిజంగానే ఉన్నాయి, గ్రెయిన్ వేస్తున్నా.

అంబత్తూర్ ఆడియో:
నాకు విడిగా రికార్డ్ చేసిన డైలాగ్ ఫోన్ వీడియోకి ఇలాగే జారిపోతోంది. దానికీ ఇదే మందా?

వడపళని రమణ:
ముందు ఇది చేసి చూడు. తర్వాత రికార్డర్ ఏదో చెప్పు.