వేర్వేరు దేశాల ప్రాంతాలను ఒకే పట్టికలో పోల్చవచ్చునా?

ప్రశ్న:
నవకల్పనలోనూ ఆర్థిక పోటీతత్వంలోనూ యూరప్ దేశాల ప్రాంతాలను పోల్చే వ్యాసం ఒకటి రాస్తున్నాను. తలసరి జీడీపీ, పరిశోధన వ్యయం, పేటెంట్లు కలిపి పట్టిక వేస్తే లక్సెంబర్గ్, ఐర్లాండ్ దేశంలోని దక్షిణ ప్రాంతం ఎటు తిప్పి చూసినా పైవరుసలోనే నిలుస్తున్నాయి. ఈ వరుసను నమ్మవచ్చునా? అసలు 'ప్రాంతం' అని దేన్ని తీసుకోవాలి?

జవాబు 1:
ఆ రెండింటినీ పైకి లేపుతున్నది ప్రధానంగా తలసరి జీడీపీయే. లక్సెంబర్గ్‌లో ఉద్యోగం చేసేవారిలో చాలామంది ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ సరిహద్దు దాటి వస్తారు. వారి శ్రమ ఫలం లవంలో, అంటే జీడీపీలో చేరుతుంది గానీ, వారు హారంలో, అంటే జనాభాలో ఉండరు. ఐర్లాండ్ సంగతి వేరు. 2015లో కొన్ని బహుళజాతి సంస్థలు పేటెంట్ల వంటి తమ మేధో సంపత్తిని అక్కడి పద్దుల్లోకి మార్చుకోవడంతో దేశ జీడీపీ ఒక్క ఏడాదిలోనే సుమారు 25 శాతం పెరిగింది. అక్కడి ప్రయోగశాలలూ నిపుణులూ ఆ మేరకు పెరిగారని ఎవరూ అనలేరు కదా. కుటుంబాల చేతికందే ఆదాయాన్నీ ఉపాధి రేటునూ తలసరి జీడీపీతో పోల్చి చూస్తే ఈ ఉబ్బు చాలావరకు బయటపడుతుంది.

జవాబు 2:
సూచిక కన్నా ముందు సరిహద్దు గురించి ఆలోచించండి. వరుస సగం అక్కడే ఖరారవుతుంది. గణాంకాల కోసం దేశాలను ప్రాంతాలుగా విడదీసే యూరోపియన్ యూనియన్ 'నట్స్' వర్గీకరణలో రెండో అంచె ప్రాంతానికి 8 లక్షల నుంచి 30 లక్షల జనాభా ఉండాలన్నది సాధారణ నియమం. అయితే ఆ గీతలు చాలాచోట్ల పాలనా విభాగాలనే అనుసరిస్తాయి కాబట్టి, కోటికి పైగా జనాభా ఉన్న పారిస్ ప్రాంతమూ, దాదాపు 30 వేల మంది మాత్రమే ఉండే ఫిన్లాండ్‌లోని ఓలాండ్ దీవులూ ఒకే అంచెలో పక్కపక్కన కూర్చుంటాయి. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఈ గీతలను వదిలేసి, ఆవిష్కర్తలూ పరిశోధకులూ ఎక్కడ గుమిగూడి ఉన్నారో వారి చిరునామాలను బట్టి సమూహాలను గుర్తిస్తుంది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. కానీ అక్కడా కొలత మారితే వరుస మారుతుంది: 2025లో వెంచర్ క్యాపిటల్ (కొత్త సంస్థల్లో పెట్టే పెట్టుబడి) ఒప్పందాలను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు జపాన్‌లోని టోక్యో–యోకొహామాను దాటి చైనాలోని షెన్‌జెన్–హాంకాంగ్–గ్వాంగ్‌జౌ మొదటి స్థానానికి వచ్చింది.

జవాబు 3:
పై మాటలతో ఏకీభవిస్తూనే, పట్టికలే వద్దనుకోనక్కర్లేదని నా అభిప్రాయం. యూరప్ ప్రాంతీయ పోటీతత్వ సూచీ ప్రాంతాలను అభివృద్ధి స్థాయిని బట్టి విడదీసి ఒక్కో స్థాయిలో అంశాలకు వేర్వేరు ప్రాధాన్యం ఇస్తుంది. వెనుకబడిన ప్రాంతానికి మౌలిక వసతులు ఎంత ముఖ్యమో, ముందున్న ప్రాంతానికి నవకల్పన అంత ముఖ్యమన్న ఆలోచన దాని వెనుక ఉంది. మీరూ మొత్తం వరుసకు బదులు, ఆదాయంలోనూ పరిశ్రమల స్వభావంలోనూ దగ్గరగా ఉన్న నాలుగైదు ప్రాంతాలనే ఎంచుకోండి. పేటెంట్లను దరఖాస్తు చేసిన కంపెనీ చిరునామాతో కాక ఆవిష్కర్త చిరునామాతో లెక్కించండి. లేకపోతే ఎక్కడో జరిగిన పరిశోధన ఘనత ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి పోతుంది. యూరప్ నవకల్పన సర్వే ప్రధానంగా పది మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకే పరిమితం కాబట్టి, చిన్న సంస్థల మీద బతికే ప్రాంతాన్ని ఆ అంకెలతోనే తూచవద్దు.