హ్యూగో, నెబ్యులా (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అవార్డులు) లిస్టుల్లోని పుస్తకాలు మన లైబ్రరీలో దొరికే దారుందా? (విజయనగరం)

కంటోన్మెంట్ కుర్రాడు (ప్రశ్న):
నమస్తే అండీ. ఈసారి హ్యూగో నామినేషన్లలో ఉన్న సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలన్నీ చదివేయాలని పంతం పట్టాను. నవల విభాగంలోనే ఆరున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కోటీ 600కి తక్కువ లేదు. ఆరూ కొంటే మా అమ్మ పుస్తకాలతో సహా నన్ను అరుగు మీద కూర్చోబెడుతుంది. సరే, లైబ్రరీకి వెళ్దామని బయల్దేరితే ఆ రోజు శుక్రవారం, గేటుకి తాళం. మళ్ళీ వెళ్తే కుర్చీలన్నీ గ్రూప్-2, డీఎస్సీ వాళ్ళవే. కౌంటర్‌లో "హ్యూగో అవార్డు పుస్తకాలున్నాయా సార్" అని అడిగితే "విక్టర్ హ్యూగోనా?" అన్నారు, ఆ ఫ్రెంచి రచయిత అనుకుని. ఏం చెప్పాలో తెలీక వచ్చేశాను. ఇక్కడ ఎవరైనా ఇలా లైబ్రరీ మీదే ఆధారపడి చదువుతున్నారా?

పాత పాఠకుడు, శ్రీకాకుళం:
బాబూ, ఆయన తప్పేం లేదు. అది హ్యూగో గెర్న్స్‌బాక్ అనే పత్రికా సంపాదకుడి పేరు మీద పెట్టిన అవార్డు. 1953 నుంచి ఇస్తున్నారు. మన దగ్గర ఆ పేరు తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. లైబ్రరీలో అవార్డు పేరుతో అడిగితే పని జరగదు, రచయిత ఇంటిపేరుతో అడగాలి. ఒక కాగితం మీద పదిమంది పేర్లు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి కౌంటర్‌లో ఇవ్వండి. నోటితో చెప్తే ఉచ్చారణ దగ్గరే ఆగిపోతాం. డ్యూయీ నంబర్ల ప్రకారం (విషయాన్ని బట్టి పుస్తకానికి నంబరిచ్చే పద్ధతి) సర్దిన చోట అమెరికన్ నవలలు 813లో, బ్రిటిష్ నవలలు 823లో ఉంటాయి. చాలాచోట్ల రెండూ కలిపి "ఇంగ్లీష్ ఫిక్షన్" అని ఒకటే బీరువా. అలాంటప్పుడు ఓపిగ్గా కింది అర నుంచి చూసుకుంటూ రావడమే.

ఇంకో సంగతి. ఈ ఏడాది నామినేషన్లంటే నిరుడు అచ్చయిన పుస్తకాలు. అవి జిల్లా లైబ్రరీ కొనుగోలు జాబితాలోకి రావాలి, బిల్లు పాసవ్వాలి, నంబరు పడాలి, అప్పుడు గానీ బీరువా ఎక్కవు. కాబట్టి ఈ ఏడాది లిస్టు పక్కన పెట్టి పదేళ్ళు వెనక్కి వెళ్ళండి. ముఖ్యంగా సినిమాగానో సిరీస్‌గానో వచ్చినవి వెతకండి. తెర మీదికి వస్తే కొత్త ప్రింట్లు వస్తాయి, వాటిని లైబ్రరీలూ కొంటాయి. 'డ్యూన్' మొట్టమొదటి నెబ్యులా నవల, 1966లో హ్యూగో కూడా ఇంకో నవలతో కలిసి పంచుకుంది. 'ది త్రీ-బాడీ ప్రాబ్లమ్' చైనీస్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చి 2015లో హ్యూగో కొట్టింది.

నా అనుభవం ఒకటి చెప్తాను, నవ్వకండి. ఒకచోట (ఊరి పేరు వద్దులెండి) ఆర్థర్ సి. క్లార్క్ 'రాండెవూ విత్ రామా' కోసం ఇంగ్లీషు బీరువా అంతా గాలించాను. లేదు. రిజిస్టర్‌లో మాత్రం ఉంది. చివరికి దొరికింది ఎక్కడంటే, ఆధ్యాత్మికం అరలో, సుందరకాండ పారాయణం పక్కన. పేరులో రాముడున్నాడుగా! నిజానికి అది 50 కిలోమీటర్ల పొడవున్న అంతరిక్ష నౌక. కథ ప్రకారం గ్రీకు, రోమన్ దేవుళ్ళ పేర్లన్నీ అయిపోయి శాస్త్రవేత్తలు మన దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలెడతారు. హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చిన పుస్తకం. పదిహేనేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. అందుకే చెప్తున్నా, బీరువాలో లేదంటే లైబ్రరీలో లేదని కాదు. రిజిస్టర్ చూపించమనండి.

కంటోన్మెంట్ కుర్రాడు:
చాలా థాంక్స్ మాస్టారూ. హ్యూగో, నెబ్యులాల్లో దేన్ని నమ్ముకోవాలి?

చీపురుపల్లి పాసింజర్:
హ్యూగోకి ఓటేసేది వరల్డ్‌కాన్ (ఏటా జరిగే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ) సభ్యులు, అంటే ఎక్కువగా పాఠకులు, అభిమానులు. నెబ్యులాకి ఓటేసేది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం వాళ్ళు. రెండు లిస్టుల్లోనూ కనిపించిన పుస్తకంతో మొదలెట్టండి, అంతే. నేనైతే 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' చదివాకే ఈ పిచ్చిలో పడ్డాను. విజీనారం, వైజాగ్ మధ్య రోజూ రైల్లో పోను గంట, రాను గంట. వారానికి ఒక నవల లాగించేస్తాను.

ఒక జాగ్రత్త: లిస్టులో ఉన్నది సిరీస్‌లో రెండోదో మూడోదో కావచ్చు. ఎన్.కె. జెమిసిన్ పుస్తకాలు మూడు వరసగా 2016, 2017, 2018ల్లో హ్యూగో గెలిచాయి. మూడూ ఒకటే కథ. నేను తెలీక రెండోది ముందు తెచ్చుకుని 40 పేజీలు బుర్ర గోక్కున్నాను. ఇంటికి తెచ్చేముందు అట్ట వెనక, లోపలి మొదటి పేజీల్లో "బుక్ టూ" అని ఉందేమో చూడండి.

నాగావళి ఒడ్డు:
పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో బోలెడున్నాయి కదా, ఈ తిరుగుడంతా ఎందుకు?

పాత పాఠకుడు, శ్రీకాకుళం:
అవి దొంగ సరుకు బాబూ. ఇక్కడ లింకులు పెట్టొద్దు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో అరువుకి తీసుకునేవాళ్ళం, పబ్లిషర్ల కేసు తర్వాత 5 లక్షలకు పైగా పుస్తకాలు అక్కడ అరువుకి లేకుండా పోయాయి. దొరికితే సరే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు పెట్టకుండా, తప్పు చేయకుండా ఈ ఏడాదివే చదవాలంటే దారి నవలలు కాదు, కథలు. 7,500 పదాల లోపుంటే షార్ట్ స్టోరీ, 17,500 వరకు నావలెట్, 40,000 వరకు నావెల్లా. మూడింటికీ వేరువేరు అవార్డులున్నాయి. క్లార్క్స్‌వరల్డ్, లైట్‌స్పీడ్ లాంటి పత్రికలు కథల్ని తమ సైట్లలో ఉచితంగానే పెడతాయి, నామినేట్ అయ్యేవి చాలావరకు ఇలాంటి చోట వచ్చినవే. నేను వాకింగ్ అయ్యాక బల్ల మీద కూర్చుని ఫోన్‌లో రోజుకొకటి చదువుతాను. నావెల్లాల్లో 'ఆల్ సిస్టమ్స్ రెడ్' చూడండి, ఓ కాపలా రోబో సీరియల్స్‌కి అలవాటుపడిపోయిన కథ. సీరియల్ చూస్తున్న మా ఆవిడ పక్కన కూర్చుని నేనది చదువుతుంటే, నాకు ఆ రోబో, మా ఆవిడ ఇద్దరూ ఒకలాగే అనిపించారు.

నాగావళి ఒడ్డు:
సరే సరే, లింకులు పెట్టను. మరి మీ శ్రీకాకుళం కథానిలయం లైబ్రరీలో ఇవి దొరకవా?

పాత పాఠకుడు, శ్రీకాకుళం:
దొరకవు. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టింది తెలుగు కథల కోసం. కానీ మన పాత వారపత్రికల్లో వచ్చిన సైన్స్ కథలు చూడాలంటే మాత్రం అక్కడికే రావాలి. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కండి. వచ్చేముందు ఓ మాట చెప్తే నేనూ వస్తాను.

లైబ్రరీ మెంబరు 812:
ఒకటి మర్చిపోతున్నారు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. కాబట్టి పుస్తకం తెప్పించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. సూచనల పుస్తకంలో పేరు, రచయిత, పబ్లిషర్, ఐఎస్‌బీఎన్ నంబరు (అట్ట వెనక బార్‌కోడ్ దగ్గరుండేది) రాయండి. ఐఎస్‌బీఎన్ లేకపోతే కొనేవాళ్ళకి ఏ ప్రింటో తెలీదు. ఒక్కరే రాస్తే పేజీ తిప్పేస్తారు, నలుగురు రాస్తే గుర్తుంటుంది. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. అప్పుడు పెద్దలు స్టేజీ ఎక్కుతారు, ఆ వారంలో కాగితం చేతికివ్వండి.

కంటోన్మెంట్ కుర్రాడు:
అప్‌డేట్ అండీ. పేర్ల కాగితం పట్టుకుని ఇవాళ ఉదయం ఎనిమిదికే వెళ్ళాను. ఈసారి విక్టర్ హ్యూగో ప్రస్తావన రాలేదు. కౌంటర్ సారు రిజిస్టర్ తిప్పి, స్టూల్ ఎక్కి, పై అరలోంచి 'డ్యూన్' తీసి దుమ్ము దులిపి ఇచ్చారు. వెనక చీటీ మీద చివరి ముద్ర 2011. పక్కనే ఎవరో పెన్సిల్‌తో "బాగుంది, ఓపిక కావాలి" అని తెలుగులో రాశారు. సూచనల పుస్తకంలో జెమిసిన్ మూడింటిలో మొదటిది, 'ది ఫిఫ్త్ సీజన్' పేరు, ఐఎస్‌బీఎన్ రాసొచ్చాను. విజయనగరంలో ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురు అదే పేరు రాయండి ప్లీజ్. గడువు పదిహేను రోజులిచ్చారు. ఇంటికొచ్చి క్యాలెండర్ చూస్తే అది శుక్రవారం పడింది, గురువారమే తిరిగిచ్చేయాలి.