ఈ ఎర్ర కాయలు మనీలా పామ్‌వా, కార్పెంటేరియా పామ్‌వా?

అందరికీ నమస్కారమండీ. మాది కావలి. నెల్లూరులో తెలిసినవాళ్ల కాంపౌండులో రాలిన, అందానికి పెంచే పామ్ చెట్ల కాయలు సంచెడు ఏరుకొచ్చాను. రెండు రకాలు కలిసిపోయాయి. పెద్దవి ఫాక్స్‌టెయిల్ పామ్‌వి, అందులో అనుమానం లేదు. నారింజ ఎరుపు, గూడూరు నిమ్మకాయంత సైజు, గుజ్జు ఒలిస్తే గింజని పట్టుకుని నల్లటి పీచు, కొసల్లో పాయలుగా చీలి ఉంది.

చిక్కంతా చిన్నవాటితోనే. అంగుళం లోపే, ముదురు ఎరుపు, కొన మొనదేలి ఉంది. ఆ ఇంటావిడేమో మనీలా పామ్ అంటున్నారు. మరి చెట్టు సన్నగా రెండంతస్తుల మేడ దాటిపోయింది, మనీలా అంత ఎత్తు పోతుందా? పైగా గుజ్జు కడిగాక చేతులు ఒకటే దురద. కల్లు గీసే జీలుగ చెట్టు కాయకీ ఆ గుణం ఉంది గానీ, ఆకు చూస్తే జీలుగ కానే కాదు. అందుకే, ఆ ఎత్తూ ఆ దురదా రెండూ ఉండే కార్పెంటేరియా అనుకుంటున్నా. రెండూ పెంచినవాళ్లు గింజలో, ఆకులో ఏం చూసి తేడా పట్టాలో చెప్తారా? ఫొటోలు అడిగితే పెడతాను.

ఫాక్స్‌టెయిల్ గింజలు నాకు ఎక్కువే ఉన్నాయి. ఎండితే మొలకెత్తవని తడి కొబ్బరి పొట్టులో ఉంచాను. ఒంగోలు, కందుకూరు వైపు వాళ్లు తీసుకోవచ్చు. మొలకకి నెలలు పడుతుంది, ఓపికున్నవాళ్లే అడగండి! బదులుగా బాటిల్ పామ్ గింజలు ఇస్తే మరీ సంతోషం.