పాలీహిమోగ్లోబిన్: పీ50 బాగానే వస్తోంది, బీపీ ఎందుకు పెరుగుతోంది?

కణజాలం:
రక్తానికి బదులుగా ఎక్కించడానికి, ఆవు హిమోగ్లోబిన్ అణువుల్ని గ్లూటరాల్డిహైడ్‌తో ఒకదానికొకటి కట్టి పాలిమర్ చేసిన బ్యాచ్ ఇది. పీ50 (హిమోగ్లోబిన్ సగం నిండే ఆక్సిజన్ ఒత్తిడి) 38 మి.మీ. పాదరసం, మెట్‌హిమోగ్లోబిన్ (ఆక్సీకరణం చెంది ఆక్సిజన్ మోయలేని రూపం) 9 శాతం. సైజ్ కాలమ్ గ్రాఫ్‌లో పెద్ద శిఖరం దిగే చోట, 64 కిలోడాల్టన్ల దగ్గర చిన్న గూని ఉంది. 100 కిలోడాల్టన్ల ఫిల్టర్ మీద 10 వాల్యూమ్‌ల బఫర్‌తో కడిగినదే. ఎలుకలకి ఎక్కించగానే బీపీ లేస్తోంది. ఎక్కడ చూడాలి?

వడపోత:
ముందు ఆ గూని సంగతి చూడండి. అది పాలిమర్‌లో చేరని ఒంటి హిమోగ్లోబిన్ అణువు, అంటే నాలుగు గొలుసుల టెట్రామర్. ఎర్రకణం బయట టెట్రామర్ నిలవదు. పలచబడగానే 32 కిలోడాల్టన్ల సగాలుగా (డైమర్లు) విడిపోయి కిడ్నీలోకి దిగుతుంది. విడిపోనిది నాళపు గోడ సందుల్లోంచి జారి, అక్కడి నైట్రిక్ ఆక్సైడ్‌ని పట్టేస్తుంది. నాళాన్ని వదులుగా ఉంచేదే అది.

10 వాల్యూమ్‌ల లెక్కని నమ్మకండి. టెట్రామర్ అడ్డులేకుండా దాటితే చివరికి 0.005 శాతమే మిగలాలి. పొర మీద ప్రోటీన్ జెల్‌లా పేరుకుని పదింట మూడు వంతులే దాటితే, అదే కడుగుడు తర్వాత 5 శాతం మిగులుతుంది. ద్రావణాన్ని డెసిలీటరుకి 2–3 గ్రాములకి పలచన చేయండి, పొర మీద ఒత్తిడి తగ్గించండి, 300 కిలోడాల్టన్ల పొర వాడి చూడండి. కొంత పాలిమర్ పోతుంది, పోనివ్వండి. వాల్యూమ్‌లు లెక్కపెట్టి ఆపొద్దు. బయటికొచ్చే ద్రవాన్ని హిమోగ్లోబిన్ కాంతిని పీల్చుకునే 415 నానోమీటర్ల దగ్గర చదివి, రీడింగ్ అడుగంటాకే ఆపాలి.

స్పెక్ట్రా:
9 శాతం మెట్ కూడా చిన్న విషయం కాదు. పాలిమర్ చేసేముందు హిమోగ్లోబిన్ నుంచి ఆక్సిజన్ తీసే దశలోనే వచ్చి ఉంటుంది. నైట్రోజన్‌ని నేరుగా బుడగలుగా పంపితే నురగ కడుతుంది, ఆ నురగ అంచుల్లోనే ప్రోటీన్ పాడవుతుంది. పైగా ఆక్సిజన్ సగం సగం ఉన్న స్థితిలోనే హిమోగ్లోబిన్ దానంతటదే వేగంగా ఆక్సీకరణం చెందుతుంది కాబట్టి, ఆ దశని త్వరగా దాటించాలి. బోలు పీచుల గ్యాస్ ఎక్స్ఛేంజర్‌లో తిప్పి, చివర్లో మిగిలినదానికి మాత్రం కొద్దిగా డైథయోనైట్ (ఆక్సిజన్‌ని లాగేసే రసాయనం) వేయండి. అది ఎక్కువైతే, తర్వాత ఆక్సిజన్ తగిలినప్పుడు పెరాక్సైడ్ పుట్టి మెట్ ఇంకా పెరుగుతుంది.

గ్లూటరాల్డిహైడ్ పోసేముందు స్పెక్ట్రం తప్పకుండా చూడాలి. 555 నానోమీటర్ల దగ్గర ఒకటే గుండ్రని శిఖరం ఉంటే ఆక్సిజన్ పోయినట్టే, సరే. 541, 577 దగ్గర రెండు కొమ్ములు ఏ కొంచెం కనిపించినా ఆగండి. ఆక్సిజన్ ఉన్న ఆర్ రూపం, లేని టీ రూపం రెండూ కలిసి బిగుసుకుపోతే, పీ50 బ్యాచ్‌కో రకంగా వస్తుంది.

ఒక హిమోగ్లోబిన్ అణువుకి 30 గ్లూటరాల్డిహైడ్ అణువుల చొప్పున, 37 డిగ్రీల్లో, కలుపుతూ సన్నధారగా పోయాలి. ఒకేసారి కుమ్మరిస్తే పడ్డచోట గడ్డకడుతుంది. పాత సీసా వాడకండి, అది లోపలే పాలిమర్ అవుతుంది. 280 దగ్గర శిఖరం తగ్గి 235 దగ్గర పెరిగితే పాడైనట్టే. చివర్లో ఆ కట్లు ఊడకుండా సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే హైడ్రోజన్ వస్తుంది, పాత్ర మూత బిగించొద్దు.

నిశ్శబ్దం:
ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషం) చూశారా? హిమోగ్లోబిన్ దాని ప్రభావాన్ని పెంచుతుంది. రంగు ఆధారిత పరీక్షని 405 దగ్గర చదువుతారు, హిమోగ్లోబిన్ సొంత రంగు పక్కనే 415 దగ్గర ఉంది. బాగా పలచన చేసి, తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపి, అందులో 50–200 శాతం తిరిగి కనిపిస్తేనే ఫలితాన్ని నమ్మాలి.

కణజాలం:
టెట్రామర్‌ని విడిపోకుండా లోపలే కట్టేస్తే, ఇంత వడపోత అవసరం ఉండదు కదా?

వడపోత:
డయాస్పిరిన్ అనే రసాయనంతో అలాగే కట్టారు. డైమర్లు ఆగాయి, సైజు మాత్రం 64 దగ్గరే ఉండిపోయింది, బీపీ పెరిగింది. 1999లో ప్రచురితమైన గాయాల ట్రయల్‌లో 28 రోజులకి, ఇది ఎక్కించిన 52 మందిలో 24 మంది చనిపోయారు. సెలైన్ ఇచ్చిన 46 మందిలో 8 మంది. ఆ అంకెలు చూశాక కూడా సైజుని పక్కనపెట్టి పీ50 ఒక్కటే చూడటం నాకు అసలు మింగుడుపడదు. పీ50 ఎక్కువైతే ఆక్సిజన్‌ని కణజాలం దాకా పోనీయకుండా చిన్న ధమనుల దగ్గరే వదిలేస్తుంది, అవి బిగుసుకుంటాయి అనే వాదన కూడా ఉంది. అందుకే పాలిఇథిలిన్ గ్లైకాల్ తొడిగిన ఎంపీ4 అనే హిమోగ్లోబిన్‌ని పీ50 5–6 దగ్గర ఉండేలా తయారుచేశారు.

స్పెక్ట్రా:
ముందు వడపోత మార్చండి. మిగతావన్నీ అలాగే ఉంచి, అదే బ్యాచ్‌ని రెండు భాగాలు చేసి, ఒకదాన్నే 300 పొర మీద కడగండి. రెండింటి బీపీ గ్రాఫ్‌లు పక్కపక్కన పెడితే గూని పాత్ర ఎంతో తేలిపోతుంది.